ఎక్కువ అమ్ముడుపోయే స్పీకర్లే మంచివా? చెడింది నా చెవులా, జనం చెవులా?

నిద్రపట్టని_నాని
కిందటి నెల సికింద్రాబాద్‌లో ఒక షోరూమ్‌కి వెళ్ళాను. బడ్జెట్ 55 వేలు. ఇంట్లో యాంప్లిఫయర్ (యాంప్) ఉంది, దానికి ఒక జత టవర్ స్పీకర్లు కావాలి. రెండు జతలు పక్కపక్కనే పెట్టి వినిపించారు. ఒకటి మెత్తగా, మర్యాదగా ఉంది. రెండోది పెట్టగానే గాజు తలుపులు అదిరాయి. కౌంటర్ అబ్బాయి "ఇదే సార్ ఫాస్ట్ మూవింగ్. నెలకి 15 జతలు పోతాయి. ఇప్పటిదాకా ఒక్క కంప్లయింట్ లేదు" అన్నాడు. ఫోన్ తీసి చూస్తే వేలల్లో రివ్యూలు, నాలుగున్నర చుక్కలు. ఇంతమంది డబ్బు పెట్టి ఊరికే కొంటారా అనుకుని తెచ్చేశాను.

ఇప్పుడు అరగంట వింటే తల బరువెక్కుతోంది. ఆడగొంతు ఎవరిదైనా సరే, "స", "ష" వచ్చిన చోటల్లా చెవిలో పుల్ల పెట్టినట్టు ఉంటోంది. మగగొంతు బిందెలోంచి పాడినట్టు. ఇంకో గదిలో నాన్నగారి పాత స్పీకర్లు ఉన్నాయి, 1988లో కొన్నవి, కలకత్తా కంపెనీవి. వాటికి మా తమ్ముడి వయసు. వాటి మీద ఘంటసాల పాడితే చరణం ముందు ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది.

బ్రాండ్ పేరు చెప్పను, చెబితే ఇక్కడ రెండు పార్టీలై కొట్టుకుంటారు. ఇంతమంది కొన్న వస్తువు నాకు నచ్చలేదంటే చెడింది నా చెవులా, జనం చెవులా? అసలు అమ్మకాల్ని బట్టి స్పీకర్ మంచిదో కాదో చెప్పొచ్చా?

గుంటూరు_ఘాటు
గాజు తలుపులు అదిరాయి అన్నారే, జవాబు ఆ ముక్కలోనే ఉంది.

కొబ్బరాకు
మా ఊళ్ళో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది ప్లాస్టిక్ కుర్చీ. కూర్చుంటే హాయిగా ఉంటుందని ఎవరూ కొనరు. తేలిక, చవక, పదింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి మూలన పెట్టొచ్చు, పక్కింట్లో పెళ్ళయితే ఇవ్వొచ్చు. జనం ఏదో ఒకటి చూసే కొంటారు. స్పీకర్ల విషయంలో ఆ చూసేది సౌండ్ అవ్వాలని రూలేం లేదు.

లెక్కల_మాస్టారు
కుర్చీ పోలిక బాగుంది గానీ సగమే నిజం. నెలకే విరిగితే ఆ కుర్చీ కూడా అన్ని అమ్ముడుపోదు. ఒకసారి మోసం చేసి అమ్మొచ్చు, రెండుసార్లు అమ్మొచ్చు. దశాబ్దాల తరబడి అమ్ముడుపోయిందంటే అందులో సరుకు ఉండాలి. బోస్ కంపెనీ 901 స్పీకర్ తీసుకోండి. 1968లో వచ్చింది, మార్పులు చేసుకుంటూ దాదాపు అరశతాబ్దం అమ్మారు. అన్నేళ్ళపాటు కొన్నవాళ్ళందరూ చెవిటివాళ్ళా?

వూఫర్_వెంకట్
మాస్టారూ, 901ని సాక్షిగా పిలిచారంటే కేసు ఓడిపోతారు.

అందులో ఒకే సైజు చిన్న డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే గుండ్రటి కోన్లు, తొమ్మిది. ఎనిమిది వెనక్కి, గోడ వైపు తిరిగి ఉంటాయి. ఒక్కటే మన వైపు. పై స్వరాలకి వేరే ట్వీటర్ లేదు, కింది స్వరాలకి వేరే వూఫర్ లేదు. ఆ చిన్న డ్రైవర్లు పై చివర, కింది చివర అందుకోలేవు కాబట్టి ఒక ఈక్వలైజర్ డబ్బా కూడా ఇచ్చి రెండు చివర్లనీ ఎత్తించేవారు. కచేరీ హాల్లో మన చెవికి చేరేదాంట్లో ఎక్కువ భాగం గోడల మీద పడి తిరిగొచ్చిందే, ఇంట్లోనూ అలాగే చేద్దాం అన్నది కంపెనీ పెట్టిన అమర్ బోస్ ఆలోచన. సరే, కానీ ఆ హాలు రికార్డింగ్‌లో ముందే ఉంది కదా. దాని మీద మన ఇంటి గోడల్ని కూడా కలపడం ఎందుకు?

1970లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దీన్ని విని, వాయిద్యాలు గదంతా తిరుగుతున్నట్టు అనిపించాయని రాసింది. కంపెనీ కోర్టుకెళ్ళింది. "గదంతా" తిరగలేదు, స్పీకర్ల మధ్య గోడ వెంట మాత్రమే కదిలాయి, కాబట్టి రాసింది తప్పు అని గొడవ. కింది కోర్టులో గెలిచారు, పై కోర్టులో ఓడారు, చివరికి 1984లో అమెరికా సుప్రీంకోర్టు పత్రిక వైపు తీర్పిచ్చింది. వయొలిన్ ఎంత దూరం నడిచిందో తేల్చడానికి సుప్రీంకోర్టు దాకా పోయారు! అయినా అమ్మకాలు ఆగలేదు.

లెక్కల_మాస్టారు
నేననేదీ అదే. తిట్టినా ఆగలేదంటే కొన్నవాళ్ళకి ఏదో నచ్చింది. ఆ నచ్చింది నాణ్యత కాదని చెప్పడానికి మీరెవరు, నేనెవరు?

వీణ_తంబుర
ముందు నాణ్యత అంటే ఏమిటో తేల్చుకోండి. నేను వీణ వాయిస్తాను, పిల్లలకు నేర్పుతాను. స్పీకర్లో వీణ వింటే మీటు పడ్డ చప్పుడు ముందు, నాదం వెనక రావాలి. గమకంలో తీగ లాగినప్పుడు ఆ జారుడు మధ్యలో తెగకూడదు. రికార్డింగ్‌లో ఉన్నది ఉన్నట్టు వినిపించడం ఒక నాణ్యత. పెట్టగానే పెద్దగా, హాయిగా అనిపించడం ఇంకొకటి. 901 రెండోదాంట్లో ఫస్టు మార్కు తెచ్చుకోవచ్చు. నాకు మాత్రం గది నిండా వీణ వద్దు, ఒక చోట కూర్చున్న వీణ కావాలి.

డీజే_సీను_కరీంనగర్
మాకైతే ఊరంతా కూర్చోవాలి అక్కా.

కౌంటర్_కబుర్లు
నేను ఆరేళ్ళు ఇలాంటి కౌంటర్ వెనకాలే నిలబడ్డాను. ఇప్పుడు ఆ పని లేదు కాబట్టి చెప్పేస్తున్నా.

"ఫాస్ట్ మూవింగ్" అంటే జనం అడిగి మరీ కొనేది అనుకుంటారు. సగం సార్లు మేం కదిలించేది. మూడు నెలలకో టార్గెట్ ఉంటుంది. ఫలానా మోడల్ ఇన్ని జతలు పోతే షాపుకి అదనపు డిస్కౌంట్, మాకు ఇన్సెంటివ్. గోడౌన్‌లో ఏది పేరుకుపోతే ఆ నెలకి అదే బెస్ట్ సెల్లర్.

ఇక వినిపించే పద్ధతి. రెండు జతలూ ఒకే యాంప్‌కి కట్టి, నాబ్ కదపకుండా స్విచ్చు మారుస్తాం. ఒకదాని సెన్సిటివిటీ, అంటే అంతే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్నది, 86 డెసిబెల్స్, ఇంకోదానిది 91 అనుకోండి. నాబ్ ఉన్నచోటే ఉన్నా రెండోది 5 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది. మొదటిది ఆ స్థాయికి రావాలంటే యాంప్ మూడు రెట్ల పైన పవర్ ఇవ్వాలి. 5 డెసిబెల్స్ అయితే ఎవరైనా పట్టేస్తారు. ఒకటి, ఒకటిన్నర తేడా ఉంటే మాత్రం "సౌండ్ పెరిగింది" అని ఒక్కరూ అనరు. "దీంట్లో క్లారిటీ బాగుంది" అంటారు. బేస్ కూడా నిండుగా వచ్చిందంటారు. మనిషి చెవి అంతే, కొంచెం గట్టిగా మోగేదాన్ని మంచిదనుకుంటుంది. ఆ "క్లారిటీ" అన్న ఒక్క మాట మీద ఎన్ని జతలు అమ్మానో లెక్కలేదు.

డెమో పెన్‌డ్రైవ్‌లో ఎనిమిది పాటలు ఉండేవి. ఒక్కదాంట్లోనూ గొంతు ఒంటరిగా వినపడదు. నిమిషంన్నర దాటి ఏదీ పెట్టేవాళ్ళం కాదు.

ఒకసారి ఒక పెద్దాయన హరికథ సీడీ చేతిసంచిలో పెట్టుకుని వచ్చాడు. కుర్చీ అడిగి తెప్పించుకున్నాడు. "సౌండ్ తగ్గించు బాబూ, ఇంట్లో ఇంత పెట్టను" అన్నాడు. నలభై నిమిషాలు కదలకుండా విని, మేం చూపించిన నాలుగింట్లో అన్నిటికంటే చవకది తీసుకెళ్ళాడు. మా మేనేజర్ ఆ రోజంతా ముఖం మాడ్చుకునే ఉన్నాడు. ఆరేళ్ళలో అలా విని కొన్నది ఆయనొక్కడే.

నిద్రపట్టని_నాని
నాకూ నిమిషంన్నరే పెట్టాడు. అదీ డప్పుల పాట.

గుంటూరు_ఘాటు
డప్పుల పాటకి ఏ స్పీకరైనా హీరోనే.

రిపేరు_రాంబాబు
రాజమండ్రిలో 22 ఏళ్ళుగా ఇదే పని. ముందొక న్యాయమైన మాట. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి ఎక్కువ అమ్ముడుపోయినవే. అంతమాత్రాన అవి నాసివి అనడం తప్పు, ఊళ్ళో అవే ఎక్కువ ఉన్నాయి మరి.

కానీ జనం ఏం చూసి కొంటారో నాకు ఈ బల్ల నేర్పింది. 2000 ప్రాంతంలో పీఎంపీఓ వాట్ల పిచ్చి, అంటే డబ్బా మీద ఉత్తుత్తి పవర్ అంకెలు వేసే పిచ్చి, గుర్తుందా? డబ్బా మీద 3000 వాట్లు అని కొబ్బరికాయంత అక్షరాలు. విప్పితే లోపల 12 వోల్టుల, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్. గుణిస్తే 24. మిగతా 2976 వాట్లు ఎక్కడి నుంచి లాగుతుంది, పక్కింటి మీటర్ నుంచా? ఒకదాంట్లో అయితే ముందు వైపు నాలుగు డ్రైవర్లు మెరుస్తున్నాయి, వైర్లు రెండింటికే ఉన్నాయి. మిగతా రెండూ బొమ్మలు. అదే షెల్ఫులో "30 వాట్లు" అని ఉన్నమాట రాసుకున్న పెట్టెలు దుమ్ము పట్టి ఉండేవి. పాపం, నిజం చెప్పి చెడ్డాయి.

నాని గారూ, మీ పాత వాటి సంగతి ఒకటి. 1988 అంటే వూఫర్ చుట్టూ ఉన్న అంచు స్పాంజిదైతే ఈపాటికి పోయుండాలి. మా గోదారి గాలికి పదిహేనేళ్ళు ఆగితే గొప్ప. వేలితో మెల్లగా తాకి చూడండి. రబ్బరుదో గుడ్డదో అయితే ఢోకా లేదు.

కొబ్బరాకు
పక్కింటి మీటర్ అంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో 5000 వాట్లది ఉండేది. ఫుల్లుగా పెడితే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పేలుతుందేమోనని ఐదో తరగతిలో నిజంగానే భయపడేవాణ్ణి.

డాలస్_చలపతి
అందరూ ఒకే వైపు లాగుతున్నారు. అమ్మకం, నాణ్యత కలిసొచ్చినవీ ఉన్నాయి. వార్ఫ్‌డేల్ డైమండ్ 1980ల నుంచి ఇప్పటిదాకా తరాలు మారుతూ అమ్ముడవుతూనే ఉంది, దాని ధరలో అది మంచి పెట్టె. 2013లో జేబీఎల్ తెచ్చిన 305 స్టూడియో మానిటర్ (పాటలు మిక్స్ చేసేటప్పుడు వినే స్పీకర్) ఇంకో ఉదాహరణ. ఐదంగుళాల వూఫర్, లోపలే యాంప్. కొలతలు చూస్తే తనకంటే ఎంతో ఖరీదైనవాటి పక్కన నిలబడుతుంది. ఇంట్లో పాటలు కట్టే పిల్లలందరి బల్లల మీదా అదే కనిపించేది. దాన్ని చాలామంది కౌంటర్ దగ్గర కొనలేదు. కొలతలు చూసి, విన్నవాళ్ళ మాట విని కొన్నారు.

ఇంకో తేడా ఉంది. ఇక్కడ అమెరికాలో చాలా చోట్ల 30 రోజులు ఇంట్లో పెట్టుకుని, నచ్చకపోతే వెనక్కి పంపొచ్చు. నేను రెండుసార్లు పంపాను. అలా ఇంట్లో విన్నాక కూడా వెనక్కి రాని అమ్మకానికి కాస్త అర్థం ఉంటుంది. మన దగ్గర డబ్బా సీలు తీశాక షాపువాడి మొహమే మారిపోతుంది. నచ్చినా నచ్చకపోయినా అది అమ్మకం కిందే లెక్క.

లెక్కల_మాస్టారు
ఇది ఒప్పుకుంటున్నాను. నాని గారి జత కూడా ఆ నెల 15లో ఒకటి. వచ్చే నెల ఇంకొకరికి చెప్పే "ఒక్క కంప్లయింట్ లేదు"లో ఆయనా ఉంటారు.

నిద్రపట్టని_నాని
కంప్లయింట్ చెప్పడానికి నిన్న వెళ్ళాను మాస్టారూ. "కొత్తవి కదా సార్, సెట్ అవడానికి 200 గంటలు పడుతుంది" అన్నాడు.

కౌంటర్_కబుర్లు
రోజుకి గంట వింటే ఆరున్నర నెలలు. ఆలోపు మీ చెవులే సెట్ అయిపోతాయి. మా రోజుల్లో 100 గంటలు చెప్పేవాళ్ళం. రేటు పెరిగినట్టుంది.

టేప్_హిస్
నేను చెన్నైలో, తర్వాత హైదరాబాద్‌లో మిక్సింగ్ గదుల్లో పనిచేశాను. మీ వాదన మొత్తాన్ని తలకిందులు చేసే స్పీకర్ ఒకటుంది, యమహా ఎన్ఎస్-10. ఆ తెల్ల కోన్ లేని స్టూడియోని ఒకప్పుడు వెతుక్కోవాల్సి వచ్చేది.

అది 1978లో ఇళ్ళ కోసం చేసింది. ఇళ్ళలో ఆడలేదు, రివ్యూలూ మెచ్చుకోలేదు. పై స్వరాలు కోసినట్టు ఉంటాయని అమెరికా ఇంజనీర్లు ట్వీటర్ మీద టిష్యూ కాగితం కప్పి వాడేవాళ్ళు. అలాంటిది ప్రపంచంలోని స్టూడియోలన్నిటికీ పాకింది. 2001లో తయారీ ఆపేదాకా కొంటూనే ఉన్నారు. ఎందుకంటే ఏ ఊళ్ళో ఏ స్టూడియోకి వెళ్ళినా అదే ఉంటుంది. నిన్న చెన్నైలో విన్న మిక్స్ ఇవాళ ముంబైలో అలాగే వినపడుతుంది. మిక్సింగ్ చేసేవాడికి తెలిసిన స్పీకర్ ఉంటే చాలు, అందమైనది అక్కర్లేదు. పైగా మూసిన పెట్టె కాబట్టి కింది స్వరాలు సాగకుండా ఠక్కున ఆగుతాయి. గొంతుండే మధ్య స్వరాల్ని ముందుకి తోస్తుంది, అక్కడ పొరపాటుంటే దాచదు.

మరి ఇది నాణ్యమైన స్పీకరా? ఇంట్లో పాట వినడానికి అడిగితే వద్దంటాను. అందరి దగ్గరా ఉంది కాబట్టి అందరూ కొన్నారు, అంతకుమించి అమ్మకాలు దాని గురించి చెప్పేది తక్కువ.

గుంటూరు_ఘాటు
టిష్యూ కాగితం ఎన్ని పొరలో కూడా చెప్పండి, నాని గారికి పనికొస్తుంది.

టేప్_హిస్
దాని మీద కూడా కొట్టుకున్నారు, ఏ రకం టిష్యూ అని. నిజంగా.

రాగిసంకటి_రెడ్డి
తక్కువ అమ్ముడుపోయేదే గొప్ప అనే రోగం కూడా ఉంది, దాన్ని వదిలేయకండి. మా మేనమామ కొడుకు 8 లక్షలు పెట్టి ఒక జత తెప్పించాడు. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు, వాడికి అదే సంబరం. పాలరాతి నేల, రెండు పక్కలా గాజు కిటికీలు, పైన గుండ్రటి ఫాల్స్ సీలింగ్. ఆ హాల్లో ఒక చప్పట కొడితే మూడు తిరిగొస్తాయి. "నలుగురికీ అర్థమయ్యే సౌండ్ కాదురా ఇది" అంటాడు. ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి, నాకూ అర్థం కాలేదు.

పాత_బస్తీ_ఫిదా
మీరేం కొన్నా హాల్లో పెట్టాలంటే ఇంట్లో ఆవిడ సంతకం కావాలి. ఆవిడకి సైజు నచ్చాలి, రంగు నచ్చాలి. అమ్మకాలు తేల్చేది అక్కడే.

వీణ_తంబుర
ఈ జోకుకి గడ్డం నెరిసింది, ఇక వదిలేయండి. మా ఇంట్లో స్పీకర్ల కోసం షోకేస్ తీయించింది నేనే. ఏడ్చింది మా వారు.

వూఫర్_వెంకట్
నాని గారి అసలు ప్రశ్న పక్కకి పోయింది, జనం చెవులు పాడా అని. దీని మీద నిజంగా పని చేసినవాళ్ళున్నారు. ఫ్లాయిడ్ టూల్ అనే ఆయన మొదట కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో, తర్వాత స్పీకర్లు తయారుచేసే హర్మన్ కంపెనీలో ఏళ్ళ తరబడి ఒకే పని చేశాడు. తెర కట్టి, స్పీకర్లన్నీ సమానంగా మోగేలా సరిచేసి, జనాన్ని కూర్చోబెట్టి మార్కులు వేయించడం.

1994లో ఆయనా, షాన్ ఆలివ్ కలిసి ఒక పరీక్ష పెట్టారు. 40 మంది, అందరూ హర్మన్ ఉద్యోగులే. నాలుగు స్పీకర్లు, అందులో మూడు పెద్దవి, ఖరీదైనవి, ఒకటి చిన్న చవక సెట్టు. తెర లేకుండా వింటే పెద్దవాటికి మార్కులు పెరిగాయి, చిన్నదానికి తగ్గాయి. తెర వేస్తే ఆ దూరం బాగా తగ్గిపోయింది. ఇంకా తమాషా ఏమిటంటే, స్పీకర్‌ని గదిలో ఇంకో చోటికి జరిపితే సౌండ్ మారుతుంది కదా. తెర ఉన్నప్పుడు ఆ తేడా పట్టుకున్నారు. కళ్ళెదురుగా స్పీకర్ కనపడుతుంటే పెద్దగా పట్టించుకోలేదు. చూపు చెవిని మింగేసింది.

తర్వాత ఆలివ్ 268 మందితో చేశాడు. షాపుల వాళ్ళు, రివ్యూలు రాసేవాళ్ళు, కాలేజీ పిల్లలు, శిక్షణ పొందినవాళ్ళు. శిక్షణ ఉన్నవాళ్ళు పిసినారిగా, నిలకడగా మార్కులు వేశారు. కానీ ఏది ముందు, ఏది వెనక అన్న వరుస అందరిదీ దాదాపు ఒకటే. 2004లో 70 స్పీకర్ల కొలతలు తీసుకుని, జనం ఎన్ని మార్కులు వేస్తారో ముందే చెప్పే ఒక లెక్క కట్టాడు. లెక్కకీ జనం మార్కులకీ పొంతన 0.86, పూర్తిగా కలిస్తే 1. ఎదురుగా వచ్చే శబ్దం ఎగుడుదిగుడు లేకుండా ఉండి, పక్కలకి పోయేది కూడా అదే తీరులో ఉంటే చాలామందికి నచ్చుతుందని దాని సారం. బేస్‌కి కూడా అందులో దాదాపు మూడో వంతు వాటా ఉంది.

నాని గారూ, జనం చెవులు భేషుగ్గా ఉన్నాయి. కొనే చోట వాటికి పని ఇవ్వడం లేదు, అంతే.

లెక్కల_మాస్టారు
0.86 గట్టి సంఖ్యే, కాదనను. కానీ పరీక్ష పెట్టింది స్పీకర్లు అమ్ముకునే కంపెనీ.

వూఫర్_వెంకట్
అనుమానం న్యాయమే. కానీ టూల్ ఈ పని మొదలుపెట్టింది ప్రభుత్వ ప్రయోగశాలలో. పైగా 1994 పరీక్షలో బయటపడ్డది సొంత ఉద్యోగుల పక్షపాతమే కదా.

పాత_బస్తీ_ఫిదా
కళ్ళకి గంతలు కట్టుకుని పాట ఎవరు వింటారన్నా? నేను కొన్న స్పీకర్‌ని రోజూ చూస్తాను కూడా. ఆ చెక్క రంగు చూసి సంబరపడితే అది నా సంబరం కాదా?

వూఫర్_వెంకట్
మీదే. ఆ మార్కులు వడ్రంగికి వేయండి, ట్వీటర్‌కి వేయకండి.

తెనాలి_ట్వీటర్
ఇన్ని పోస్టులయ్యాయి, ఒక్కరూ గది అడగలేదు. నాని గారూ, స్పీకర్లు ఎక్కడ పెట్టారు? గోడకి ఎంత దూరం? నేల టైల్సా?

నిద్రపట్టని_నాని
టీవీ యూనిట్‌కి అటొకటి ఇటొకటి. గోడకి ఆనుకునే ఉన్నాయి, వైర్ పొట్టిది. నేల వెట్రిఫైడ్ టైల్స్. సోఫా ఎదురు గోడకి ఉంది.

తెనాలి_ట్వీటర్
బిందె సగం అక్కడే ఉంది. గోడకి ఆనిస్తే కింది స్వరాలు ఉబ్బి మగగొంతు మీద పడతాయి. నున్నటి టైల్ మీద పడ్డ పై స్వరాలు మళ్ళీ చెవికే వస్తాయి. రెండడుగులు ముందుకి లాగి, మీకూ స్పీకర్లకీ మధ్య నేల మీద మందపాటి దుప్పటి పరవండి. ఖర్చు సున్నా. తర్వాత తిట్టండి.

వూఫర్_వెంకట్
అలాగే పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి, ముందు పల్చటి పంచె అడ్డం కట్టండి. ఫోన్‌లో డెసిబెల్ యాప్ వేసుకుని కూర్చునే చోట రెండూ సమానం చేయండి. జతలుగా వద్దు, పాతదొకటి కొత్తదొకటి చాలు, ఒంటరి స్పీకర్లో లోపం త్వరగా దొరుకుతుంది. మీటలు మార్చేవాడు మీకు కనపడకూడదు.

కౌంటర్_కబుర్లు
హరికథ పెట్టడం మర్చిపోకండి.

టేప్_హిస్
హరికథ మాట వినడానికి తమాషాగా ఉంది కానీ అసలు పరీక్ష అదే. మాట్లాడే గొంతుని మనం రోజూ వింటాం, కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. బీబీసీ ఇంజనీర్లు 1970లలో ఔట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యాన్‌లలో పెట్టుకోవడానికి ఎల్ఎస్3/5ఏ అని ఒక చిన్న స్పీకర్ చేశారు. గొంతు సహజంగా ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. ఐదంగుళాల వూఫర్, లోతైన బేస్ లేదు, గట్టిగానూ మోగదు. ఏ షోరూమ్ డెమోలోనూ గెలవదు. యాభై ఏళ్ళ తర్వాత ఇప్పటికీ ఒకటికి మించి కంపెనీలు దాన్ని తయారుచేసి అమ్ముతూనే ఉన్నాయి.

నిద్రపట్టని_నాని
ఆదివారం చేశాం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ముందుకి లాగి, దుప్పటి పరిచాను. బిందె సగం పైన పోయింది, ఇది తెనాలి_ట్వీటర్ గారి ఖాతాలో వేస్తున్నా. చెవిలో పుల్ల మాత్రం అలాగే ఉంది. తర్వాత పంచె కట్టి, యాప్ పెట్టి సమానం చేశాను. కొత్తదాని కోసం నాబ్ ఎంత వెనక్కి తిప్పాల్సి వచ్చిందో చూసేసరికి షోరూమ్ కళ్ళ ముందు కనపడింది. మీటలు మార్చింది మా బావమరిది. విన్నది నాన్నగారు, మా ఆవిడ, పదో తరగతి చదివే మా అమ్మాయి, నేను. గొంతుకి పదిసార్లు, డప్పులకి పదిసార్లు.

గొంతులో నలుగురమూ పాతదాన్నే ఎక్కువసార్లు ఎంచుకున్నాం. అమ్మాయి కూడా. అది అస్సలు అనుకోలేదు, కొత్తవి కొనమని గోల చేసింది అదే. డప్పులు, బేస్ గిటార్ వచ్చేసరికి కొత్తది గెలిచింది. నాన్నగారు డప్పుల్లో కొత్తదానికి ఆరుసార్లు ఓటేశారు. పంచె తీశాక ఆ సంగతి చెబితే "వాడు మీట తప్పు నొక్కాడు" అని లేచి వెళ్ళిపోయారు. బావమరిది ఇంకా అలిగే ఉన్నాడు.

రాంబాబు గారూ, మీరన్నట్టు వూఫర్ అంచు తాకాను. నల్లటి పొడి రాలింది. పాతవాటికి బేస్ తక్కువవ్వడం అందుకేనా?

రిపేరు_రాంబాబు
అందుకే. ఇక మోగించకండి. అంచు ఊడితే లోపలి తీగచుట్ట, కాయిల్, పక్కకి జరిగి రాసుకుంటుంది, అప్పుడు ఖర్చు పెరుగుతుంది. రెండు వూఫర్లూ విప్పి, కోన్ మీద ఏదీ ఆనకుండా అట్టపెట్టెలో పెట్టి పంపండి. అంచు రబ్బరుది వేస్తాను. కొత్త స్పీకర్ల బిల్లుతో పోలిస్తే మీకు నవ్వొస్తుంది.

వీణ_తంబుర
అమ్మాయి చెవి బాగుంది. ఏదైనా వాయిద్యం నేర్పించండి.

గుంటూరు_ఘాటు
మరి ఆ 55 వేల జత?

కొబ్బరాకు
ఓఎల్ఎక్స్‌లో పెట్టండి. ఫాస్ట్ మూవింగ్ కదా, ఎంత ఫాస్టో చూద్దాం.

నిద్రపట్టని_నాని
నిన్న రాత్రి పదింటికి పెట్టాను. పొద్దున్న తొమ్మిదికల్లా ఆరుగురు ఫోన్ చేశారు. 46 వేలకి పోయింది. మణికొండ నుంచి ఒకాయన కారేసుకుని వచ్చాడు. వినిపించమంటారా అంటే, "అక్కర్లేదండీ, మా ఆఫీసులో ముగ్గురి దగ్గరున్నాయి" అని మోడల్ నంబర్ చూసుకుని డబ్బు పంపేశాడు.

లెక్కల_మాస్టారు
షోరూమ్‌లో మర్యాదగా ఉందన్నారే, ఆ జత కొనుంటే ఒక్క రాత్రిలో 46 వచ్చేవా? ఈ పాయింట్ నాది, రాసుకోండి.

కౌంటర్_కబుర్లు
రాసుకున్నాం మాస్టారూ. ఆ 15లో ఇంకొకటి కలిసింది కూడా, రెండోసారి.

కొబ్బరాకు
వచ్చినాయన్ని ఏ కుర్చీలో కూర్చోబెట్టారు?

నిద్రపట్టని_నాని
ప్లాస్టిక్‌దే.